కాలేజ్ స్టేషన్‌లో కాండో కొని విద్యార్థులకు అద్దెకిచ్చాం: నా అనుభవం

యూనివర్సిటీ పక్కన కాండో (మన అపార్ట్‌మెంట్ ఫ్లాట్ లాంటిది) కొంటే అద్దెకు మనుషులు దొరుకుతారా అన్న బెంగ అక్కర్లేదని అందరూ చెబుతారు. ఆ మాట నిజమే. టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ కాలేజ్ స్టేషన్ క్యాంపస్‌లో 70 వేల మందికి పైగా చదువుకుంటున్నారు. 2020 జనాభా లెక్కల్లో ఆ ఊరి జనాభాయే లక్షా ఇరవై వేలు. కానీ అద్దెకు మనుషులు దొరకడం వేరు, పెట్టిన డబ్బు క్షేమంగా ఉండటం వేరు. 2023లో మేం అక్కడ రెండు పడకగదుల కాండో కొన్నాం. యూనిట్ బాగుందో లేదో అరగంటలో తేలిపోతుంది. కాంప్లెక్స్‌ను నడిపే ఓనర్ల అసోసియేషన్ ఎలాంటిదో తేల్చుకోవడానికే అసలు శ్రమంతా పెట్టాలి. ఈ విషయం కొనబోయేవాళ్ళకు ఎవరూ గట్టిగా చెప్పడం లేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేం ఉండేది హ్యూస్టన్ పక్కన కేటీలో. హైవే 290 మీద వెళ్ళి హెంప్‌స్టెడ్ దగ్గర హైవే 6 ఎక్కితే గంటన్నరలో కాలేజ్ స్టేషన్. కుళాయి కారుతోందంటే శనివారం పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. వెళ్ళిరాగలిగినంత దూరంలోనే కొనాలని నేను ముందే పట్టుబట్టాను. మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగిస్తే నెలనెలా అద్దెలో కొంత వాళ్ళకే పోతుంది, మాకు వచ్చే అద్దెలో అంత వెసులుబాటు లేదు. నేను ఆఫీసులో కాంట్రాక్టుల పని చూస్తాను. అందుకని లెక్కలు మావారు, కాగితాలు నేను అని పంచుకున్నాం.

ఆ ఊళ్ళో నాలుగు పడకగదులు, నాలుగు బాత్రూములు ఉన్న కాండోలు చాలా కనిపిస్తాయి. గదికొక లీజు రాసి విద్యార్థులకు ఇవ్వడానికే కట్టినవవి. నాలుగు అద్దెలు కలిపి చూస్తే ఆశ పుడుతుంది. నేను మాత్రం వద్దన్నాను. రేపు అమ్మాలంటే దాన్ని కొనేది మళ్ళీ అద్దెకిచ్చుకునేవాడే. రెండు గదులదైతే కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసరో, రిటైరైన దంపతులో, ఫుట్‌బాల్ సీజన్‌లో వచ్చిపోయే పాత విద్యార్థో కూడా కొంటారు.

తెనాలిలో ఉన్న నాన్నకు ఫోన్ చేసి చెబితే ఆయన మొదట అడిగింది, "మన వాటాకి ఎన్ని గజాలొస్తాయమ్మా?" అని. మన దగ్గర అపార్ట్‌మెంట్ కొనేవాళ్ళందరూ అడిగే ప్రశ్నే. ఇక్కడ కూడా డిక్లరేషన్ అనే పత్రం చివర్లో ఒక పట్టిక ఉంటుంది, ఉమ్మడి ఆస్తిలో ఏ యూనిట్‌కు ఎంత శాతమో అందులో రాస్తారు. మాకు చూపించిన యూనిట్‌ది ఒక శాతం పైచిలుకు. నెలవారీ చందా కట్టాలన్నా, రూఫ్ మార్చాలన్నా, బాల్కనీలు బాగుచేయాలన్నా ఆ శాతం ప్రకారమే మన మీద పడుతుంది. నాన్న గజాల కోసం అడిగారు గానీ, ఆ పట్టికను వెతికి చదవాలన్న ఆలోచన నాకు ఆయన ప్రశ్నతోనే వచ్చింది.

మొదట మాకు నచ్చిన కాండో క్యాంపస్‌కు దగ్గర. ముందే బస్ స్టాప్, కొత్త కిచెన్, లోపలే వాషర్, డ్రైయర్. ఆఫర్ ఒప్పుకున్నారు. టెక్సస్‌లో ఆప్షన్ పీరియడ్ అని ఒకటుంటుంది. కొద్దిపాటి ఫీజు కట్టి కొన్ని రోజుల గడువు తీసుకుంటే, ఆ లోపు ఏ కారణం చెప్పకుండా కాంట్రాక్టు వదులుకోవచ్చు. కాండోలకు దీనికి తోడు ఇంకో రక్షణ ఉంది. అసోసియేషన్ ఇచ్చే రీసేల్ సర్టిఫికెట్ కాంట్రాక్టు మీద సంతకం అయ్యాక చేతికొస్తే, అందాక ఆరో రోజు రాకముందే రద్దు చేసుకునే హక్కు కొనేవాళ్ళకుంటుంది. అందులో చందా ఎంత, బకాయిలెంత, పెద్ద మరమ్మతుల కోసం దాచే రిజర్వ్ ఫండ్‌లో ఎంతుంది, కోర్టు కేసులున్నాయా, రాబోయే 12 నెలలకు ఆమోదించిన పెద్ద ఖర్చులేమిటి అన్నవన్నీ ఉండాలి.

మా సర్టిఫికెట్‌లో పెద్ద ఖర్చుల గడిలో "ఏమీ లేవు" అని ఉంది. ఆ గడి అడిగేది "ఆమోదించిన" ఖర్చులనే. చర్చలో ఉన్నవి, ఇంకా ఓటుకు రానివి అందులో కనపడవు. అందుకని గత రెండేళ్ళ బోర్డు మీటింగుల మినిట్స్, అంటే అక్కడ చర్చించినవి రాసిపెట్టిన కాగితాలు, కావాలని మా రియల్టర్ ద్వారా అమ్మేవాళ్ళను అడిగాను. ఇవ్వడానికి కాస్త నసిగారు, చివరికి ఇచ్చారు. బాల్కనీల కింద చెక్క కుళ్ళిపోయిందని ఇంజనీరు రాసిన రిపోర్టు, దాని మీద బోర్డు మూడు సమావేశాల పాటు చేసిన తర్జనభర్జన అందులో ఉన్నాయి. రిజర్వ్‌లో ఉన్న డబ్బు ఆ పనికి ఏ మూలకూ చాలదు. మిగతాది స్పెషల్ అసెస్‌మెంట్ పేరుతో ఓనర్ల నుంచే వసూలు చేయాలి. ఆ చర్చ సాగుతున్న నెలల్లోనే చాలా యూనిట్లు అమ్మకానికి వచ్చాయి.

అటు లోన్ ఇచ్చే లెండర్ కూడా అసోసియేషన్‌కు ప్రశ్నల పత్రం పంపాడు. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ కాండో కూలి 98 మంది చనిపోయాక, లెండర్ల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలు కాండో లోన్ల మీద ప్రశ్నలు బాగా బిగించాయి. భవనానికి వాయిదా పడ్డ పెద్ద మరమ్మతులున్నాయా అన్నది వాటిలో ముఖ్యమైన ప్రశ్న. దానికి తోడు మేం 20 శాతం డౌన్ పేమెంట్ అనుకున్నాం. అద్దెకిచ్చే ఉద్దేశంతో అంత తక్కువ కడితే అప్పట్లో పూర్తి పరిశీలన చేసేవారు. అందులో సగం యూనిట్లనైనా ఓనర్లు సొంతానికి, అసలు ఇల్లుగానో రెండో ఇల్లుగానో, వాడుకోవాలన్న నిబంధన ఉండేది. విద్యార్థుల ఊళ్ళో క్యాంపస్ పక్కనున్న కాంప్లెక్స్‌లో సగం మంది ఓనర్లు ఎక్కడుంటారు? లోన్ రాదని తేలింది. అంతకు ముందే మేం కాంట్రాక్టు రద్దు చేసుకున్నాం. ఆప్షన్ ఫీజు, ఇన్‌స్పెక్షన్ ఖర్చు పోయాయి. మినిట్స్‌లో కనిపించిన బాల్కనీ ఖర్చుతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం.

రెండోసారి వరస మార్చాం. యూనిట్ చూడకముందే ఆ కాంప్లెక్స్ బడ్జెట్, మినిట్స్, భవనాలన్నిటికీ కలిపి ఉండే మాస్టర్ ఇన్సూరెన్స్ పాలసీ అడిగేవాళ్ళం. ఇవ్వనివాళ్ళ జోలికి వెళ్ళలేదు. డౌన్ పేమెంట్ 25 శాతానికి పెంచుకున్నాం, దాంతో లెండర్ పరిశీలన తేలికైంది, వడ్డీ కూడా కాస్త తగ్గింది. ఇన్సూరెన్స్ పాలసీలో నేను ముందు వెతికింది గాలివాన, వడగళ్ళ డిడక్టబుల్. అది మొత్తం భవనాల విలువలో ఇంత శాతం అని ఉంటుంది. పెద్ద వడగళ్ళ వాన పడి రూఫులు పోతే ఆ శాతం వరకూ ఓనర్లే భరించాలి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ అంతటా ఇళ్ళలో పైపులు పగిలాయి కదా, అప్పుడు ఈ కాంప్లెక్స్‌లో ఎన్ని యూనిట్లు మునిగాయి, క్లెయిమ్ ఎంత, తర్వాత ప్రీమియం ఎంత పెరిగింది అని కూడా అడిగాను. మేనేజర్ ఓపిగ్గా చెప్పింది. ఆ ఓపికే నాకు సగం ధైర్యాన్నిచ్చింది. అలాంటి నష్టాన్ని అసోసియేషన్ ఓనర్ల మీద పంచితే మన వాటాకు అక్కరకొచ్చే లాస్ అసెస్‌మెంట్ కవరేజీని మా సొంత పాలసీలో పెంచి తీసుకున్నాం. దానికయ్యే అదనపు ప్రీమియం చాలా తక్కువ, కాండో కొనే ప్రతివాళ్ళూ తీసుకోవాలి.

ఇన్‌స్పెక్షన్ రోజు ఇంట్లో అప్పటికే ఇద్దరు అమ్మాయిలు అద్దెకున్నారు. వాళ్ళ లీజు జూలై చివరి వరకు ఉంది, ఇల్లు చేతులు మారినా లీజు మారదు. ఇన్‌స్పెక్టర్ హాల్‌వేలో ఏసీ ఉన్న చిన్న అలమర తలుపు తీసి టార్చి వేసి నన్ను పిలిచాడు. యూనిట్ కింద పెట్టిన రేకు పళ్ళెం అంచుల చుట్టూ తుప్పు వలయాలు. ఒకదాని లోపల ఒకటి, చెట్టు మోడులో కనిపించే గీతల్లాగా ఉన్నాయి. ఏసీ నుంచి నీళ్ళు పోయే సన్నటి గొట్టం పాచి పట్టి మూసుకుపోయినప్పుడల్లా నీళ్ళు ఆ పళ్ళెంలో నిండి ఆరాయన్న మాట. నీళ్ళు నిండితే ఏసీని ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఉందా అని అడిగాను. లేదు. మాది రెండో అంతస్తు. ఆ పళ్ళెం పొంగితే కింది వాళ్ళ సీలింగ్ తడుస్తుంది, ఆ ఖర్చు ఎవరిదన్న తగవు నెలల పాటు సాగుతుంది. పళ్ళెం మార్చి, స్విచ్ పెట్టాకే క్లోజింగ్ (డబ్బు కట్టి ఇల్లు మా పేరు మీదికి మార్చుకోవడం) అని రాయించాం. ఇప్పటికీ ఎండాకాలానికి ముందు వెళ్ళి ఆ గొట్టంలో వెనిగర్ పోసి వస్తాను.

ధర 2,10,000 డాలర్లు. ఏడుంపావు శాతం వడ్డీతో లోన్ వాయిదా నెలకు 1,075 డాలర్ల దగ్గర. ప్రాపర్టీ ట్యాక్స్ విలువలో సుమారు రెండు శాతం కాబట్టి నెలకు 350. అసోసియేషన్ చందా 270, మా ఇన్సూరెన్స్ 45. అన్నీ కలిపి 1,740. అద్దె 1,650. రిపేర్లు లెక్కలోకి రాకముందే నెలనెలా జేబులోంచి కొంత పడుతోంది. ఇది తెలిసే కొన్నాం. అసలు కింద కొంత తీరుతోంది, అద్దె ఏటా కాస్త పెరుగుతోంది, వడ్డీ తగ్గితే రీఫైనాన్స్ చేసుకుంటాం అన్నది మా లెక్క. నెలనెలా మిగులుతుందన్న ఆశతో, చేతిలో వేరే డబ్బు లేకుండా దిగేవాళ్ళను నేను గట్టిగా వద్దంటాను. ఒక్క నెల ఖాళీగా ఉన్నా, ఒక్క ఏసీ పోయినా ఏడాది లెక్క తారుమారవుతుంది. ట్యాక్స్ విషయంలో ఇంకో మాట: సొంతంగా ఉండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు అద్దె ఇంటికి రాదు. అమ్మేవాళ్ళు అక్కడే ఉన్నవాళ్ళయితే వాళ్ళ పాత బిల్లు చూసి అంచనా వేయకూడదు.

ఆదాయపు పన్నులో భవనం విలువను 27.5 ఏళ్ళకు పంచి ఏటా తరుగుదలగా చూపించుకోవచ్చు. కాగితం మీద నష్టం వస్తుంది, అయితే దాన్ని జీతంలోంచి తీసేసుకునే వీలు 25,000 డాలర్ల వరకే, అదీ ఆదాయం లక్ష దాటితే తగ్గుతూ లక్షా యాభై వేలకు పూర్తిగా పోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మాలాంటి ఇళ్ళకు ఆ నష్టం వచ్చే సంవత్సరాలకు పోగవుతుందే తప్ప వెంటనే అక్కరకు రాదు.

ఇక అద్దె సంగతి. కాలేజ్ స్టేషన్‌లో అద్దె ఏడాది ఆగస్టులో మొదలై జూలైతో ముగుస్తుంది. వచ్చే ఆగస్టుకు ఇల్లు వెతకడం అంతకు ముందు అక్టోబరు, నవంబరులోనే మొదలవుతుంది. ఉన్నవాళ్ళు ఉంటారో వెళ్తారో దసరా, దీపావళి మధ్యలో అడిగేస్తాను. మే నెలలో ఖాళీ అని ప్రకటన ఇస్తే ఇక మిగిలేది ఆఖరి నిమిషంలో ఇల్లు దొరకనివాళ్ళు, ఇండియా నుంచి కొత్తగా వచ్చేవాళ్ళు. క్యాంపస్ పక్క నార్త్‌గేట్‌లో ఎత్తైన భవనాలు లేచాయి. ఫర్నిచర్, ఇంటర్నెట్, జిమ్, స్విమ్మింగ్ పూల్ అన్నీ అద్దెలోనే. వాటితో మేం పోటీ పడేది ధరతో, లోపలున్న వాషర్‌తో, ఫోన్ చేస్తే ఎత్తే ఓనర్‌తో.

తెలిసినవాళ్ళు చాలామంది "మనవాళ్ళకే ఇవ్వండి, మన వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు, తెలుగు వెజిటేరియన్లకి మాత్రమే అని రాయండి" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ పుట్టిన దేశాన్ని బట్టి, మతాన్ని బట్టి అద్దెకు ఎంచుకోవడాన్ని 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధిస్తుంది. ప్రకటనలో అలా రాయడమే తప్పు. చట్టం సంగతి పక్కన పెట్టినా నాకది ఒప్పుకోబుద్ధి కాదు. మేం ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు మా పేరు చూసి ఇల్లు లేదన్నవాళ్ళు ఎదురయ్యారు, ఆ అవమానం నాకింకా గుర్తుంది. అందరికీ ఒకటే అర్హతలు కాగితం మీద రాసి పెట్టాను. టెక్సస్‌లో అలాంటి కాగితం అప్లికేషన్‌తో పాటు ఇవ్వాలి కూడా. క్రెడిట్ స్కోరు లేనివాళ్ళు అడ్మిషన్ లెటర్, అసిస్టెంట్‌షిప్ లెటర్ లేదా బ్యాంకు కాగితాలు చూపించవచ్చని అందులోనే చేర్చాను. దాంతో సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా లేకుండా ఆగస్టులో దిగే పిల్లలకు దారి దొరికింది, అది ఏ దేశం వాళ్ళకైనా వర్తిస్తుంది.

మొదటి అమ్మాయిలు ఖాళీ చేశాక వచ్చినవాళ్ళు మాస్టర్స్ చదివే తెలుగు అబ్బాయిలే అయ్యారు. ఇద్దరు అప్లై చేశారు. అంతా అయ్యాక ఫోన్ వచ్చింది.

"అక్కా, ఇంకో ఇద్దరు ఫ్రెండ్సున్నారు. హాల్లో సర్దుకుంటారు. అద్దె నలుగురం పంచుకుంటే మాకు తేలికవుతుంది."

వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమైంది. ఇంటి మీద అప్పు తెచ్చి చదువుకుంటున్నారు. క్లాసులు జరిగే రోజుల్లో ఎఫ్-1 వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. కానీ హాల్లో పడక వేస్తే నిప్పు అంటుకున్న రోజు బయటికి దారి ఉండదు, అసోసియేషన్ నిబంధన కూడా గదికి ఇద్దరనే. "హాల్లో వద్దు నాన్నా. గదికిద్దరు చొప్పున నలుగురూ ఉండండి. నలుగురూ అప్లికేషన్ పెట్టాలి, నలుగురి పేర్లూ లీజులో ఉండాలి. పార్కింగ్ స్టిక్కర్లు మాత్రం రెండే" అన్నాను. స్టిక్కర్ లేని కారును అక్కడ రాత్రికి రాత్రే టో చేసి తీసుకుపోతారు, అది విడిపించుకోవడానికయ్యే డబ్బుతో వాళ్ళు వారాల తరబడి వంట సరుకులు కొనుక్కోవచ్చు. లీజు చదివి వినిపిస్తూ ఒకచోట ఆగాను. నలుగురిదీ ఉమ్మడి బాధ్యత, ఒకడు డిసెంబరులో డిగ్రీ పూర్తయి వెళ్ళిపోతే అతని వాటా మిగతా ముగ్గురి మీద పడుతుంది. ఇది వాళ్ళకు తెలియదు. అందుకే వెళ్ళేవాడు తన బదులు ఇంకొకరిని తెచ్చుకోవచ్చు, ఆ వచ్చేవాడు కూడా మామూలుగా అప్లై చేయాలి అన్న షరతు చేర్చాం. ఆ షరతు ఇప్పటికే ఒకసారి పనికొచ్చింది.

జూలై ఆఖరి వారం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఊరంతా ఒకేసారి ఖాళీ చేస్తుంది, ఒకేసారి చేరుతుంది. చెత్తకుండీల పక్కన పరుపులు, సోఫాలు గుట్టలు పడతాయి. కార్పెట్ శుభ్రం చేసేవాళ్ళు, పెయింటర్లు దొరకరు. నేను ఏప్రిల్‌లోనే తేదీ రాయించుకుంటాను. అప్పటికీ ఒకసారి పెయింటర్ రాలేదు, నేనూ మావారూ వెళ్ళి గోడలకు రంగు వేశాం. తలుపు తాళం లోపలి భాగం మార్పించాలి. కొత్తవాళ్ళు చేరిన ఏడు రోజుల్లోపు అది ఓనర్ ఖర్చుతోనే జరగాలి. వెళ్ళినవాళ్ళు కొత్త అడ్రసు రాసిస్తే 30 రోజుల్లో డిపాజిట్ లెక్క తేల్చాలి. చేరేరోజు ఇల్లంతా వీడియో తీసి, అదే వీడియో వాళ్ళకూ పంపిస్తాను. దాంతో డిపాజిట్ మీద ఇప్పటివరకు మాటా మాటా రాలేదు. ఒక బ్యాచ్ వాళ్ళు వదిలిపెట్టిన ప్రెషర్ కుక్కర్, రైస్ కుక్కర్ పారేయబోతుంటే కొత్తగా వచ్చినవాళ్ళు అడిగి ఉంచేసుకున్నారు. ఇప్పుడవి ఆ ఇంటి సామానే అయిపోయాయి.

కొన్న ఏడాది చివర్లో అసోసియేషన్ వార్షిక సమావేశానికి వెళ్ళాను. ఓనర్లలో ఎక్కువమంది హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్‌లలో ఉంటారు, ఎవరూ రారు. కోరం చాలక సమావేశం వాయిదా పడింది. చందా పది డాలర్లు పెంచాలన్నా వచ్చిన కొద్దిమందిలో సగం మంది వద్దంటారు. మొదటి కాంప్లెక్స్ మినిట్స్‌లో నేను చదివింది సరిగ్గా ఇదే. ఏళ్ళ తరబడి చందా పెంచకుండా నెట్టుకొచ్చి, చెక్క కుళ్ళాక ఒక్కసారిగా ఓనర్ల నెత్తిన వేసే పరిస్థితి తెచ్చుకున్నారు. అక్కడే చేయెత్తి బోర్డులో ఖాళీగా ఉన్న సీటుకు నా పేరిచ్చాను. ఇప్పుడు సమావేశాలు ఆన్‌లైన్‌లో కూడా పెడుతున్నాం, రానివాళ్ళ దగ్గర తమ బదులు ఓటేసే అధికారమిచ్చే ప్రాక్సీ కాగితాలు ముందే తెప్పిస్తున్నాం, కోరం కుదురుతోంది. చందా 270 నుంచి 295కు పెంచాం, ఆ పెంపు మొత్తం రిజర్వ్‌లోకే వెళ్తోంది. ఓటేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, కట్టేవాళ్ళలో కూడా ఉన్నాను. ఈ ఏడాది రెండు భవనాల రూఫులు మార్చాలి. కొటేషన్లు తెప్పిస్తున్నాం. ఎవరెవరు ఎంత అడిగారో, ఎవరి వారంటీ ఎన్నాళ్ళో పట్టిక వేసి, ఓటుకు ముందే ఓనర్లందరికీ మెయిల్ చేసే పని నాకు అప్పగించారు.